రిపేరుకొచ్చిన సైకిళ్లు

మా మావయ్యగారి చేతిలో పని లాగేసింది మేమే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలికవుతుంది.

ఆయన పేరు లూయిస్. యానాంలో నలభై దాటినవాళ్లకి లూయిస్ మేస్త్రి అంటేనే తెలుస్తుంది. గోదావరి మీద వంతెన పడకముందు, అవతలి ఒడ్డుకి పంటు మీద దాటే రోజుల్లో, రేవుకి వెళ్లే దారిలో సైకిలు షాపు పెట్టారు. పంటు దిగినవాళ్లు సైకిలు ఆయనకి అప్పజెప్పి ఊళ్లో పనులు చూసుకొని తిరిగొచ్చేసరికి, అది తళతళలాడుతూ గోడకి ఆనుకొని ఉండేదట. నేను స్టెల్లాని, ఆయన కోడలిని. నేను కాపరానికి వచ్చేసరికే వంతెన వచ్చేసింది, పంటు ఆగిపోయింది, జనం మోటారు సైకిళ్లకి మళ్లారు. అయినా మావయ్యగారు ఉదయం ఏడింటికి షాపు తలుపు తీసి, నేల ఊడ్చి, పానాలన్నీ చిన్నదాని దగ్గర్నుంచి పెద్దదాని దాకా గోనెపట్టా మీద వరసగా పరిచాకే టీ తాగేవారు. అత్తయ్యగారు పోయిన రోజు తప్పితే ఆ వరస తప్పిందని నేను వినలేదు.

పోయినేడు మే నెలలో, ఫరంపేట నుంచి ఒకాయన కూతురి సైకిలు తెచ్చాడు. మావయ్యగారు ముందు చక్రం తీసి, పంక్చరేసి, మళ్లీ బిగించి ఇచ్చారు. నిజానికి బిగించలేదు. ఒక పక్క నట్టు పెట్టడమే మరిచిపోయారు. ఆ పిల్ల బ్రిడ్జి ఎక్కే మలుపులో పడింది. పై పళ్లు రెండు ఊడిపోయాయి. తండ్రి మా మీద కేకలేమీ వెయ్యలేదు. మేస్త్రిగారికి పెద్దతనం వచ్చేసింది, ఇంక ఆయన చేత చేయించొద్దని మాత్రం మా ఆయన జోయల్‌తో మెల్లిగా చెప్పి వెళ్లాడు. కేకలేసినా బాగుండేది.

ఆ సాయంత్రం జోయల్ తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, ఇంక నువ్వు సామాను ముట్టుకోకు. స్టూలేసుకుని కూర్చో. వచ్చినోళ్లతో కబుర్లు చెప్పు. పని నేను చూసుకుంటాను."

మావయ్యగారు తలూపారు. చేతులు తుడుచుకొనే గుడ్డ మడత పెట్టి బల్ల మీద పెట్టారు. మర్నాటి నుంచి షాపు ముందు స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకొని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. లేని నట్టునేదో వేళ్లతో తిప్పుతున్నట్టుగా ఉండేవి. నేను చూసేదాన్ని. పెద్దవాళ్లకి అలాగే ఉంటుందిలే అనుకునేదాన్ని.

జూన్లో బళ్లు తెరిచారు, వానలూ మొదలయ్యాయి. అప్పుడే ఊళ్లో సైకిళ్ల సామాన్లు పోవడం మొదలైంది.

ముందు బెల్లు కప్పులు పోయాయి. తరవాత పెడళ్లు. ఆసుపత్రి ముందు పెట్టిన ఒక నర్సు సైకిలుకి చైను లేదు. రోడ్డు మీద టిఫిన్ బండి పెట్టుకున్నాయన సైకిలుకి సీటు పోయింది. వచ్చినవాళ్లందరూ మా షాపుకే రావాలి గదా. జోయల్ కొత్త సామాను బిగిస్తూ ఆ దొంగ గురించి వాళ్లు చెప్పేదంతా వినేవాడు. ఎవరికీ అంతుపట్టని దొంగ. రెండు పెడళ్లలో ఒకటే తీస్తాడు. కొత్త బెల్లు వదిలేసి పాత చైను పట్టుకుపోతాడు. కొన్నాళ్లకి ఫరంపేటలో ఒక కుర్రాడి గేరు సైకిలు ఏకంగా సైకిలుకి సైకిలే మాయమైంది. దాంతో జనానికి నిజంగా భయం పట్టుకుంది.

జోయల్ కాకినాడ వెళ్లి అలారాలు తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి, నల్లటి పెట్టెలు. సీటు కింద బిగించి, రిమోట్ నొక్కి వెళ్లిపోతే చాలు. ఆ తరవాత ఎవరు సైకిలు ముట్టుకున్నా, కదిపినా, చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. మళ్లీ రిమోట్ నొక్కేదాకా ఆగదు. తెచ్చిన రోజు షాపు ముందు ఒక సైకిలుకి బిగించి అందరికీ చూపించాడు. రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగిపోయారు. మావయ్యగారు స్టూలు మీంచి లేచి వచ్చి, వంగి, ఆ పెట్టె దగ్గర చెవి పెట్టి విన్నారు.

"ఎందుకురా అలా అరుస్తుంది?"

"ఎవరన్నా ముట్టుకుంటే అరుస్తాది నాన్నా. దొంగలకి బెదురు."

"మరి మేస్త్రి ముట్టుకుంటేనో?"

అందరూ నవ్వారు. జోయల్ కూడా నవ్వాడు. తండ్రి చాలా రోజులకి సరదాగా మాట్లాడాడని అతనికి సంబరం. నేనూ నవ్వాను.

ఆ వారం రోజుల్లో తెచ్చినవన్నీ అమ్ముడుపోయాయి. జోయల్ మళ్లీ కాకినాడ వెళ్లాడు. అతను లేని ఆ పూట సీతామహాలక్ష్మి షాపుకొచ్చింది. ఆమెది దరియాలతిప్ప. మొగుడు పోయాక, అతని సైకిలు మీదే చేపల ట్రే కట్టుకొని యానాం వీధులన్నీ తిరిగి అమ్ముకుంటుంది. సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెనక బ్రేకు లేదు.

"సూడండి స్టెల్లమ్మగారూ, ఈ దొంగోడికి ఎంత ఓపికో. బ్రేకు ఊడదీసుకుని, నట్లేమో పొట్లం కట్టి సీటు కిందే దోపి ఎల్లాడు."

అంటూ నా చేతిలో ఒక బాదం ఆకు పొట్లం పెట్టింది. ఆకుని రెండు మడతలు పెట్టి, ఈనె పుల్ల గుచ్చి ఉంది. విప్పి చూస్తే నాలుగు నట్లు. మట్టి లేకుండా తుడిచి ఉన్నాయి.

అలాంటి పొట్లాల్ని నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. మా షాపు పక్కన బాదం చెట్టు ఉంది. దుమ్ములో పడితే దొరకవమ్మా అంటూ, విప్పిన నట్లని ఆ ఆకుల్లో చుట్టి పెట్టేది మావయ్యగారొక్కరే. జోయల్‌కి కూడా ఆ అలవాటు లేదు. అతను ప్లాస్టిక్ డబ్బా మూతలో వేస్తాడు.

నేను తల తిప్పి చూశాను. మావయ్యగారు స్టూలు మీద లేరు. ఇంటికి వెళ్లి ఉంటారు. మా ఇల్లు షాపు వెనక వీధిలోనే.

సీతామహాలక్ష్మికి బ్రేకు సంగతి జోయల్ వచ్చాక చూస్తాడని చెప్పి పంపేశాను. షాపు తలుపు దగ్గరగా వేసి ఇంటికి వెళ్లాను. మావయ్యగారు పెరట్లో పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నారు. నేను ఆయన గదిలోకి వెళ్లి మంచం కింద చూశాను. గోనెలో చుట్టిన సీటొకటి, పాత బిస్కెట్ల రేకు డబ్బాలు రెండు ఉన్నాయి. బరువుగా ఉన్నాయి.

మూత తీస్తే అన్నీ ఉన్నాయి. పెడళ్లు, బెల్లు కప్పులు, చుట్ట చుట్టిన చైను, చక్రాన్ని పట్టి ఆపే రబ్బరు బ్రేకు కట్టలు. ఒక్కదానికీ తుప్పు లేదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, నూనె పూసి ఉన్నాయి. ప్రతిదానికీ దారంతో ఒక కాగితం ముక్క కట్టి ఉంది. కాగితం మీద ఆయన గుండ్రటి చేతిరాత. కనకాలపేట పోస్ట్‌మేన్. పంటు టికెట్ల గుమాస్తా. సుబ్బారావు మేష్టారు, అర్జంటు.

సుబ్బారావు మేష్టారు మా పెళ్లయిన ఏడాదే పోయారు. శ్మశానం దాకా మోసినవాళ్లలో మావయ్యగారూ ఉన్నారు. పంటు టికెట్ల గుమాస్తా ఎవరో నేను చూడనే లేదు.

అలా నేల మీద కూర్చుండిపోయాను. ఇంతలో ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు. డబ్బాలు విప్పి ఉన్నందుకు కోపగించుకోలేదు. నా పక్కనే మంచం మీద కూర్చొని, ఆ బ్రేకు కట్ట చేతిలోకి తీసుకొని కళ్ల దగ్గరగా పెట్టుకొని చూశారు.

"పని బాగా పేరుకుపోయిందమ్మా," అన్నారు. "అందరూ రోడ్డు మీదే వదిలేసి పోతున్నారు. ఒక్కణ్ని ఎన్నని చెయ్యను? జోయల్ ఇంకా చిన్నోడు. వాడికి చేతకాదు."

ఆ మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. పని ఎక్కువై అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టే ఉంది.

ఆ సాయంత్రం జోయల్ రెండో విడత అలారాలతో వచ్చాడు. అన్నం తింటూ ఎంత మంది అడిగారో, ఇంకెంత మందికి కావాలో చెప్పాడు. ఈసారి ఆ దొంగ దొరికితే తను అక్కడే ఉండి చూడాలన్నాడు. నేను పచ్చడి వడ్డిస్తూ నోరు తెరిచాను. తెరిచి, ఇంకొంచెం పెరుగు వెయ్యనా అని అడిగాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మే నెలలో తండ్రిని పని మాన్పించిన రోజు రాత్రంతా జోయల్‌కి నిద్ర లేదు. దానికి తోడు ఇదీ చెప్పాలంటే మనసు రాలేదు. ఇంకో కారణం కూడా ఉంది, అది అంత మంచిది కాదు. ఊరికి తెలిస్తే ఏమనుకుంటారోనని. తండ్రి ఊడదీస్తే కొడుకు అలారాలు అమ్ముకుంటున్నాడంటారేమోనని. మెల్లిగా నేనే సర్దేద్దామనుకున్నాను. ఎవరివో తెలిసిన రెండు పెడళ్లు, ఒక సీటు మధ్యాహ్నం పూట కొంగు చాటున పట్టుకెళ్లి ఆ సైకిళ్ల దగ్గర పడేసి వచ్చాను. మావయ్యగారిని ఇంట్లోంచి కదలకుండా ఏదో ఒక పని చెప్పేదాన్ని. చింతపండు పిక్కలు తీయమనేదాన్ని, బియ్యంలో రాళ్లు ఏరమనేదాన్ని. ఆయన చేసేవారు. చేస్తూ చేస్తూ లేచి వీధి వైపు చూసేవారు.

ఈలోగా జోయల్ సీతామహాలక్ష్మి సైకిలుకి వేరే బ్రేకు వేసి, అలారం కూడా బిగించి ఇచ్చాడు. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు మంగళవారం. సంత రోజు. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పులసలు పడుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా యానాంలోనే ఉన్నారు. షాపులో ఒక్కణ్నీ చేసుకోలేకపోతున్నానని జోయల్ ఫోన్ చేస్తే నేను వెళ్లాను. మావయ్యగారు టిఫిన్ తిని పడుకున్నారు. బయట గొళ్లెం పెడదామని తలుపు మీద చెయ్యి వేశాను. సొంత ఇంట్లో ఆ మనిషిని ఎలా బంధిస్తాను? దగ్గరగా వేసి వెళ్లిపోయాను.

పదకొండు గంటలప్పుడు సంత వైపు నుంచి కూత వినిపించింది. అలారం. జోయల్ తల ఎత్తాడు. రిమోట్ నొక్కి ఆపేస్తారులే అన్నట్టు ఒక్క క్షణం చూశాడు. అది ఆగలేదు. అటునుంచి సైకిలు మీద ఎవరో వస్తూ, దొంగ దొరికాడంట, చేపల కొట్ల దగ్గర పట్టుకున్నారంట అని చెప్పి ఆగకుండా వెళ్లిపోయారు.

జోయల్ చేతిలో పానా కింద పెట్టి పరుగెత్తాడు. అతని మొహంలో ఉన్నది సంతోషమే. అలారం పనిచేసింది, తను అన్నట్టే దొంగ దొరికాడు. నేను అతని వెనకే పరుగెత్తాను. ఆగండి అని ఒక్క మాట అరిస్తే ఆగేవాడేమో. అరిచి ఏమని చెప్పను, ఆ రోడ్డు మీద, అంతమంది మధ్య?

చేపల కొట్ల పక్కన జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో సీతామహాలక్ష్మి సైకిలు తలకిందులుగా, సీటు మీద నిలబెట్టి ఉంది. మేస్త్రులు పనిచేసేటప్పుడు అలాగే పెడతారు. దాని పక్కన తడి మట్టిలో మావయ్యగారు కూర్చొని ఉన్నారు. పై పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. కుడి చేతిలో స్క్రూడ్రైవరు గట్టిగా పట్టుకొని ఉన్నారు. ఎదురుగా ఇద్దరు బయటూరి కుర్రాళ్లు. పొద్దున్నే మందు తాగి ఉన్నారు. వాళ్లకి లూయిస్ మేస్త్రి ఎవరో తెలియదు. ఒకడు మళ్లీ చెయ్యెత్తాడు.

జోయల్ ఆ చేతిని పట్టుకోలేదు, వాడి వైపు చూడనూ లేదు. వాళ్ల మధ్యలోంచి వెళ్లి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మావయ్యగారు కొడుకుని చూసి నిదానంగా అన్నారు.

"వచ్చావా. బ్రేకు బిగించాను. ఈ పెట్టె ఎందుకో ఏడుస్తుంది, ఎంతకీ ఆగట్లేదు. నువ్వు చూడు."

అలారం ఇంకా కూస్తూనే ఉంది. రిమోట్ సీతామహాలక్ష్మి దగ్గర ఉంది, ఆమె రేవులో పులసల వేలంపాట దగ్గర ఉంది. జోయల్ తండ్రి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. పెట్టె వెనక రెండు మరలు విప్పి బ్యాటరీ తీసేశాడు. కూత ఆగింది. సంత మొత్తం ఆగిపోయినట్టనిపించింది.

"మా నాన్నండి," అన్నాడు జోయల్. ఎవరితో అన్నాడో నాకు తెలియదు. ఎవరి మొహంలోకీ చూడకుండా అన్నాడు.

తరవాత సీతామహాలక్ష్మి రావడం, ఆ కుర్రాళ్లని పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టడం, వాళ్లు జారుకోవడం అన్నీ జరిగాయి. ఆమె తన కొంగుతోనే మావయ్యగారి పెదవి తుడిచింది. తన బ్రేకు పోతే పోనిచ్చేదాన్నని, ఈ అలారం కొనకపోయినా బాగుండేదని ఏడ్చింది. జోయల్ ఆ బ్రేకు చూశాడు. కట్టలు విప్పి, తిరగేసి బిగించి ఉన్నాయి. ఆ సైకిలెక్కి బ్రిడ్జి దిగి ఉంటే ఆమె ఆపగలిగేది కాదు. అక్కడే కూర్చొని, విప్పి, మళ్లీ సరిగ్గా బిగించి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక నేను రేకు డబ్బాలు తెచ్చి జోయల్ ముందు పెట్టాను. తొమ్మిది రోజుల సంగతీ చెప్పాను. అతను కాగితం ముక్కలు ఒక్కొక్కటీ చదివాడు. చదివినవి మళ్లీ చదివాడు. డబ్బా మూత పెట్టి అన్నాడు.

"పని నేను లాక్కున్నాను. విషయం నువ్వు దాచావు. ఇంక మనం ఎవర్నంటాం?"

ఆ తరవాత ఈ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

మావయ్యగారిని కాకినాడ తీసుకెళ్లాం. డాక్టరు చాలా ప్రశ్నలడిగారు. ఇది ఏ సంవత్సరం, ఇది ఏ నెల, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత. మావయ్యగారు ప్రతి ప్రశ్నకీ మర్యాదగా నవ్వారు. ఇది మతిమరుపు జబ్బని, మందులు దాన్ని కొంత నెమ్మది చేస్తాయే గానీ వెనక్కి తిప్పలేవని డాక్టరు చెప్పారు. ఒంటరిగా బయటికి పంపొద్దన్నారు.

జోయల్ ఆ డబ్బాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఎవరి సామాను వాళ్లకి ఇచ్చి వచ్చాడు. చాలామంది తలుపు దగ్గరే అయ్యో అన్నారు. కొందరు మావయ్యగారికని పళ్లు ఇచ్చి పంపారు. ఫరంపేట నుంచి మాత్రం ఆ గేరు సైకిలు కుర్రాడి తండ్రి వచ్చి, అది కూడా మీ నాన్నే తీసి ఉంటాడు, ఎక్కడ పెట్టాడో అడగండన్నాడు. అది మా దగ్గర లేదు. ఆయన తీసుకోలేదని నాకు తెలుసు. ఎక్కి తొక్కగలిగే ఓపికే లేదు ఆయనకి. జోయల్ వాదించలేదు. షాపులో ఉన్న కొత్త సైకిలొకటి తీసి ఇచ్చేశాడు. నేను అడ్డుపడబోతే, పోనీలే స్టెల్లా, ఇచ్చేద్దాం అన్నాడు. ఆ ఇవ్వడం వల్ల ఊళ్లో కొందరు, చూశారా అన్నారు. అది అలాగే ఉండిపోయింది.

ఉదయం ఏడు కాగానే మావయ్యగారు చొక్కా తొడుక్కొని గేటు తీసుకొని వెళ్లిపోయేవారు. ఒకసారి రేవు దాకా వెళ్లి, పంటు ఇంకా రాలేదని మెట్ల మీద కూర్చున్నారు. నేను వంట పనిలో ఉంటాను, జోయల్ షాపులో ఉంటాడు. అందుకని జోయల్, మిగిలిన అలారాల్లో ఒకటి తీసి గేటుకి బిగించాడు. ఆయన గేటు తెరిస్తే నాకు వినిపిస్తుందని.

మొదటి రోజు పొద్దున్న, జోయల్ పళ్లు తోముకుంటున్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మావయ్యగారు గేటు గడియ మీద చెయ్యి వేశారు. అలారం కూసింది.

నేను పరుగున బయటికి వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకొని ఒదిగిపోయి ఉన్నారు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకొని ఉన్నారు.

"నేను తియ్యలేదండీ," అంటున్నారు. "బాబూ, నేను తియ్యలేదండీ."

డాక్టరు అడిగిన నెల పేరు ఆయనకి గుర్తు లేదు. ఆ దెబ్బ మాత్రం గుర్తుంది.

జోయల్ నోట్లో బ్రష్షుతోనే వచ్చి ఆ పెట్టెని గేటు నుంచి చేత్తో లాగేశాడు. మరలు విప్పలేదు, లాగేశాడు. వేలు తెగింది. షాపులో ఉన్న మిగతా అలారాలన్నీ అట్టపెట్టెలో వేసి తెచ్చినచోటే ఇచ్చేసి వచ్చాడు. తరవాత కూడా జనం అడుగుతూనే ఉన్నారు. ఊళ్లో సామాన్లు పోవడం ఆగిపోయిందిగా, మీ అలారాలు పెట్టబట్టే ఆగిందండీ అనేవారు, ఎరగనివాళ్లు. అయిపోయాయండీ అనేవాడు జోయల్.

ఆ తరవాత తండ్రిని చెయ్యి పట్టుకొని తనతోపాటే షాపుకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నేనూ వంట త్వరగా ముగించుకొని వెళ్లి కూర్చునేదాన్ని. పని చేయించొద్దన్న మాట మాకిద్దరికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఒకరోజు జోయల్ ఒక పాత సైకిలు తెచ్చి ఆయన ముందు పడుకోబెట్టి, పానా చేతిలో పెట్టాడు.

"నాన్నా, ఇది నువ్వు చూడు. నా వల్ల కావట్లేదు."

మావయ్యగారు పానా వైపు చూశారు. దాన్ని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా కింద పెట్టేశారు.

"వద్దులేరా," అన్నారు. "కేకలేస్తారు."

మళ్లీ ఎప్పుడూ ఆయన పానా పట్టుకోలేదు. ఆ చేతులు మోకాళ్ల మీద కదలడం కూడా ఆగిపోయింది.

వరద తీసేసింది. దసరాలు వెళ్లిపోయాయి. నవంబరు మొదట్లో సమాధుల పండక్కి అత్తయ్యగారి సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించాం. మావయ్యగారు చాలా శ్రద్ధగా చేతులు జోడించి ప్రార్థన చేశారు. చేసి, ఎవరమ్మా పాపం అని నన్నడిగారు. మనవాళ్లేనండీ అన్నాను.

దానికి వారం రోజుల తరవాత, సాయంత్రం అయిదున్నరప్పుడు, షాపులో మేం ముగ్గురమే ఉన్నాం. జోయల్ కింద కూర్చొని ఒక చక్రానికి వంకర తీస్తున్నాడు. మావయ్యగారు స్టూలు మీంచి లేచారు. చొక్కా సర్దుకొన్నారు. జోయల్ ఎదురుగా వచ్చి, కొంచెం దూరంలో, పని చేసుకుంటున్న మనిషిని కదిలించడానికి మొహమాటపడుతున్నట్టు నిలబడ్డారు.

"మేస్త్రీ, నా సైకిలు అయ్యిందాండీ?"

జోయల్ తలెత్తాడు. నేను బల్ల వెనక నుంచి లేవబోయి ఆగిపోయాను. జోయల్ ఆయన్ని చూసి మెల్లిగా అడిగాడు.

"ఏ సైకిలండీ?"

మావయ్యగారు చుట్టూ చూసి, గోడకి ఆనించి ఉన్న నల్ల సైకిలు చూపించారు. జోయల్ ఆయన కోసం తెచ్చిన పాత సైకిలే అది.

"పొద్దుపోకుండా ఇంటికెళ్లాలండీ. ఇంట్లో పిల్లాడున్నాడు. నేనెళ్లేదాకా ముద్ద ముట్టుకోడు. వాళ్లమ్మ ఎంత చెప్పినా వినడు."

"పిల్లాడి పేరేంటండీ?"

"జోయల్," అన్నారు మావయ్యగారు. ఆ పేరు చెప్తుంటే ఆయన మొహం విప్పారింది. "మహా పెంకోడు లెండి."

జోయల్ చేతిలో చక్రం పక్కన పెట్టాడు. తరవాత లేచి పంపు తీసుకొన్నాడు. నల్ల సైకిలు రెండు చక్రాల్లోనూ గాలి ఉంది. అయినా కొట్టాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. సీటు తుడిచాడు. సైకిలు తిప్పి హ్యాండిలు ఆయన చేతికి అందించాడు.

"అయిపోయిందండీ. జాగ్రత్తగా వెళ్లండి."

మావయ్యగారు సంతోషంగా తలూపి సైకిలు నడిపించుకుంటూ బయల్దేరారు. ఎక్కడానికి ప్రయత్నించలేదు. జోయల్ పదడుగుల దూరంలో ఆయన వెనకే నడిచాడు. మలుపు తెలియక ఆయన ఆగినప్పుడు తనూ ఆగాడు. ఆయన మళ్లీ కదిలాక తనూ కదిలాడు. నేను షాపు మూసి, అడ్డదారిన ముందుగా ఇల్లు చేరి అన్నం వడ్డించాను.

మావయ్యగారు సైకిలు గేటు దగ్గర నిలబెట్టి, కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చారు. రెండు గదుల్లోకీ వెళ్లి చూశారు. మంచం కింద కూడా వంగి చూశారు. వచ్చి కంచం ముందు కూర్చున్నారు గానీ చెయ్యి పెట్టలేదు.

"పిల్లాడు తిన్నాడా?" అని అడిగారు నన్ను.

"తిన్నాడండీ. తిని పడుకున్నాడు."

నా మొహం వైపు ఒకసారి పరీక్షగా చూశారు. అబద్ధం కాదని నమ్మకం కుదిరాక అన్నం కలుపుకొన్నారు.

జోయల్ బయట మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. చెప్పులు కూడా విడవలేదు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. ఆయన తినడం పూర్తయ్యేదాకా అతను రాలేదు.